పెద్దులు చెక్కిన చట్రాలు

పెద్దులు పోయిన మూడో నెలలో అతని భార్య సాలమ్మ నాలుగు తేనెపెట్టెలనూ రఘుపతికి ఇచ్చేసింది. అది 1962 ఎండాకాలం. మోత్కూరులో ఇద్దరివీ నేత ఇళ్లే, మధ్యలో ఒకే గోడ. తేనెటీగలు పెంచడం రఘుపతికి నేర్పింది పెద్దులే.

పెద్దులు పెంచిన ఈగలు అతనికన్నా ముందే పోయాయి. తేనెపట్టుల్లో పిల్లపురుగులు కుళ్లి పుల్లటి వాసన కొట్టింది. మిగిలిన ఈగలు పెట్టెలు వదిలి వెళ్లిపోయాయి. అందుకే రఘుపతి ముందుగానే చెప్పాడు.

"పాత పట్టులు, చట్రాలు కాలబెట్టాలె వదినా. పెట్టెలను బట్టల సోడా నీళ్లతోని కడిగి, లోపలంత మంట తగిలిస్తే మల్ల పనికొస్తయి."

ఈగలు పట్టు కట్టే ఆ చెక్క చట్రాల్లో ఒకదాన్ని సాలమ్మ ఒళ్లో పెట్టుకుంది.

"మంచాన పడ్డంక గూడ గివే చెక్కుకుంట కూసున్నడు. పెట్టెలు ఏమన్న జేస్కో. చట్రాలు కాల్చకు రఘుపతీ. గాయనను ఒకపారి కాల్చినం గదా."

అతనికి ఎదురు చెప్ప బుద్ధి కాలేదు. పట్టులను గీకేసి కాల్చాడు. చట్రాలను మాత్రం వేడినీళ్లలో ముంచి నాలుగు రోజులు ఎండబెట్టాడు. చాల్లే అనుకున్నాడు. తన దొడ్లో ఈగలున్న మూడు పెట్టెల్లోనూ వాటినే పెట్టాడు.

తొలకరి దాటేసరికి పెట్టెల ముందు చచ్చిన ఈగలు కుప్పలుగా పడసాగాయి. మూత తీస్తే అదే పుల్లటి వాసన. పుల్లతో పొడిస్తే పిల్లపురుగు జిగురులా సాగింది. పది రోజులకు వెనకింటి బిక్షమ్మ వచ్చింది. ఆమెకున్న ఒక్క పెట్టె కూడా రఘుపతి ఇచ్చినదే.

"నీ పెట్టెలల్ల ఈగలు తక్కువైనయని నావి తేనె దోచుకపోను వచ్చి రోగం అంటించుకున్నయి. గవ్విటికేం ఎరుక," అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆ మాట విన్న సాలమ్మ దొడ్లోకి వచ్చింది. 

"గాయన నాకు చెప్పిండు. అన్నీ కాలబెట్టు, ఎవ్వలకియ్యకు అన్నడు. నాకు చేతులు రాలె. నీకు చెప్పలె."

రఘుపతికి ఒళ్లు మండింది. కానీ ఆమె ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు.

"నాకు చెప్పేదేముంది వదినా. నాకు గూడ ఎరుకే. తెలిసే పెట్టిన."

పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక రఘుపతి ద్వారాలు మూసి గంధకం పొగ పెట్టాడు. బిక్షమ్మ పెట్టెకూ అదే చేశాడు. లోపలి రొద మెల్లగా తగ్గి ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. గుంత తవ్వి ఈగలను, పట్టులను అందులో వేసి నిప్పంటించాడు. చట్రాలను సాలమ్మే ఒక్కొక్కటిగా అందించింది. మైనం కరిగి మంట ఎగసింది. ఆమె ఏడవలేదు. బూడిద మీద మట్టి కప్పాక కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఈసారి రఘుపతి ఏదీ వదల్లేదు. పనిముట్లను ఉడకబెట్టాడు. ఒక్కో పెట్టె లోపలి చెక్క గోధుమరంగు తిరిగేదాకా మంట తగిలించాడు. రెండేళ్లు అవి ఖాళీగానే ఉన్నాయి. మూడో ఏడు నకిరేకల్ దారిలో ఒక పుట్టలో ఈగలు దొరికాయి. కొత్త చట్రాలు చేసి, ఆ ఈగలను ఒక పెట్టెలోకి ఎక్కించి బిక్షమ్మ దొడ్లో ఉంచాడు.

మొదటి తేనె తీసిన రోజు బిక్షమ్మ ఒక గిన్నెడు సాలమ్మకు పంపింది. సాలమ్మ మగ్గం దిగకుండానే, "గది నేను తినే తేనె గాదు. వాళ్ల పిల్లలకియ్యుమను," అని వెనక్కి పంపేసింది.