తాడు కొస

జగ్గమ్మకి అసహ్యం పుట్టించని వస్తువులు ఈ భూమ్మీద తక్కువ. మురిగిన రొయ్యంటే అసహ్యం, దాన్ని ఐసు కింద దాచి అమ్మేవాళ్ళంటే ఇంకా అసహ్యం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ళ కాళ్ళ దగ్గరే కిళ్ళీ ఉమ్మే పడవల నాగబాబు సంగతి సరేసరి, అతని పేరు వింటేనే ఆమె ముక్కు దానంతటదే ముడుచుకునేది. అయితే ఈ ఏడు వీటన్నిటినీ తలదన్నే రోత ఒకటి ఇసకపాలెం ఒడ్డున వెలిసింది. దాన్ని పరాయివాడెవడైనా తెచ్చి పెట్టుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదే. తెచ్చి పెట్టింది ఆమె సొంత అన్న కొడుకు, తన చేతుల మీదుగా పెరిగిన ఎల్లాజీ.

అదొక పడవలు లాగే మిషను. ఇసకపాలేనికి రేవు లేదు. వేట నుంచి వచ్చిన పడవ కెరటం మీద ఎగిరొచ్చి ఇసకలో ముక్కు గుచ్చాలి, అక్కణ్ణించి దాన్ని పోటు నీళ్ళు అందని మెరకకి తాడు కట్టి మనుషులు లాగాలి. వేటకెళ్ళొచ్చిన మగాళ్ళు అప్పటికే డస్సిపోయి ఉంటారు కాబట్టి ఒడ్డున ఉన్న ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ తాడందుకుంటారు. తాడు పట్టిన చేతికి పడవలోంచి చేపలు పడాలి. అది ఆ తీరంలో తాతల నాటి కట్టు. ఎవరెంత బలంగా లాగారన్న విచారణ లేదు. ఊతకర్ర మీద వచ్చిన ముసలమ్మైనా సరే, తాడు మీద చెయ్యి వేసిందంటే ఆమె వాటా ఆమెది. ఎగ్గొట్టిన పడవకి గంగమ్మ మళ్ళీ చేపని చూపించదని పాలెమంతా నమ్ముతుంది. జగ్గమ్మ మొగుడు పోయాక ఇన్నేళ్ళూ ఆ వాటా చేపలే గంపకెత్తి ఎచ్చెర్ల వైపు ఊళ్ళలో అమ్ముకుని బతికింది. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆ మాట రోజుకి ఒక్కసారైనా ఎవరికో ఒకరికి చెప్పనిదే ఆమెకి పొద్దు గడిచేది కాదు.

ఎల్లాజీ చెడ్డవాడు కాదు, పైగా వాడికి అత్తంటే ప్రాణం. నిరుడు తాడు లాగుతుండగా జగ్గమ్మ భుజం పట్టేసి చాన్నాళ్ళు చెయ్యి పైకి లేవలేదు. పక్కింటి దానమ్మ వచ్చి ఆమెకి జుట్టు ముడి వేసి వెళ్ళేది. అది చూసి చూసి వాడి గుండె తరుక్కుపోయింది. వాడు మోటారు మెకానిక్కు. కొత్తవలసలో పాత ఇనుము కొట్లు తిరిగి ఒక గేరుపెట్టె సంపాదించాడు, పొలాల్లో నీళ్ళు తోడే డీజిలు ఇంజనొకటి తెచ్చాడు, రెంటినీ ఒక ఇనప డ్రమ్ముకి తగిలించాడు. ఇసకలో లోతుగా గుంజలు పాతి దాన్ని కూర్చోబెట్టి, తాడు కొసని డ్రమ్ముకి బోల్టు వేసి బిగించాడు. ఇంజను తిరిగితే డ్రమ్ము తిరుగుతుంది, తాడు చుట్టుకుంటుంది, పడవ నడిచొస్తుంది. ఖర్చు నాగబాబు పెట్టుకున్నాడు.

మొదటి రోజు పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇంజను భగ్గుమని నల్ల పొగ కక్కింది. ఇంత పెద్ద పడవ, వెంట ఎవరూ లేకుండా, ఇసక మీద దేక్కుంటూ పైకొచ్చేసింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. జగ్గమ్మ కూడా కొట్టింది. ఆ సంగతి తలుచుకుంటే తర్వాత ఆమెకి తన చేతులంటేనే ఏవగింపు పుట్టేది.

"ఇంక నువ్వు తాడు ముట్టక్కర్నేదత్తా," అన్నాడు ఎల్లాజీ, నుదుటి మీద గ్రీజుతో, పెళ్ళికొడుకులా నవ్వుతూ.

ముట్టలేదు. గంప చంకన పెట్టుకుని రోజూలాగే పడవ దగ్గరికి వెళ్ళింది. నాగబాబు పడవ అంచు మీద కాలేసి నిలబడ్డాడు. కిళ్ళీ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చాడు.

"ఏటి పిన్నీ, గంప తెచ్చినావు? తాడు పట్టినావేటి?"

జగ్గమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గంపని చంకలో ఇంకాస్త బిగించింది.

"తాడు పట్టినోళ్ళకే గదా వాటా? మిషను పట్టినాది. మన కట్టు మనం తప్పకూడదు మరి," అని నాగబాబు ఆమె కాళ్ళ పక్కనే ఎర్రగా ఉమ్మాడు. ఆ తుంపర చీర అంచు మీద పడింది.

కట్టు తప్పలేదట! ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళని చూశాంగానీ, తగలేసి ఆ మంటకి దండం పెట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం. ఒకడు తోవ చూపిస్తే మిగతావాళ్ళకి అడ్డేముంది? వారం తిరక్కుండా పాలెంలో పడవలున్నవాళ్ళందరూ నాగబాబుకి అద్దె ఇచ్చి మిషనుతోనే లాగించుకున్నారు. ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి, గంపలు బోర్లించి వాటి మీద కూర్చుని, ఎండెక్కాక లేచి వెళ్ళిపోయేవాళ్ళు. రాకుండా ఉండలేరు. ఎప్పుడూ వచ్చే చోటు అది.

వాళ్ళలా కూర్చోవడం నాగబాబుకి కంట్లో నలుసైంది. ఒకరోజు వల దులుపుతూ, ఎవరూ కొనని ముళ్ళ చేపలూ నలిగిన పిత్తపరిగెలూ రెండు చేతులా తీసి వాళ్ళ ముందుకి విసిరాడు. "తీసుకోండర్రా, ఏడవకండి," అన్నాడు.

దానమ్మ వంగింది. పాపం, ఇంట్లో పొయ్యి రాజేసి రెండు రోజులైంది. వంగి, ఇసక అంటిన చేపని తీసి కొంగుకి తుడుచుకుంది. జగ్గమ్మకి రోత పుట్టింది. వాణ్ణి చూసి కాదు, దానమ్మని చూసీ కాదు. దానమ్మతో పాటు తన నడుం కూడా సగం వంగడం ఆమెకి తెలిసింది. గభాలున నిటారుగా లేచి నిలబడింది.

"వొగ్గేయ్యే దానమ్మా! వాటా ఏరు, ముష్టి ఏరు," అని అరిచింది.

"నీకేటి, ఎల్లాజీ ఉన్నాడు. నాకెవలున్నారప్పా?" అంది దానమ్మ, తల ఎత్తకుండా ఏరుకుంటూ.

ఆ సాయంత్రం ఎల్లాజీ కొబ్బరాకులో చుట్టి బారెడు వంజరం చేప తెచ్చాడు. వాకిట్లో అరుగు మీద పెట్టాడు. మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడిదిరా?"

"నాగబాబు ఇచ్చినాడత్తా. మిషను తోలినందుకు మిషను వాటా అంట. రోజూ ఇస్తాడంట."

జగ్గమ్మ ఆ చేపని చూసింది, వాణ్ణి చూసింది. "మా అందరి వాటా అన్నమాట. మా కంచాల్లోది ఎత్తి నీకిచ్చినాడు, నువ్వు దాన్ని మోసుకొచ్చి నాకు పెడతన్నావు. సీ! నీ కంటే ఆడే నయం. ఆడు తెలిసి సేసినాడు."

"అత్తా, నీ బుజం కోసరమని..."

"నా బుజానికేటి? నొప్పెడితే కాపడం పెట్టుకుంటాను. నొప్పి తగ్గిద్దామని సెయ్యి నరికేసినావు గదరా!"

చేపని తోక పట్టుకుని లేపి వీధిలోకి విసిరేసింది. కుక్కలు రెండు దాని మీద పడి కొట్టుకున్నాయి. ఆమె లోపలికి పోయి చింతపండు పెట్టి చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. ఆ రాత్రి తను గంజి తాగుతుండగా, "సేప సేసిన పాపమేటే, నాకైనా ఇయ్యకపోయినావు," అని దడి అవతలి నుంచి దానమ్మ అంటే, దానికీ ఒక తిట్టు తిట్టి పడుకుంది. ఎల్లాజీ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, సముద్రం ఊరుకోలేదు. గాలి మారి కెరటాలు మీదకెక్కిన రోజున నాగబాబు పెద్ద పడవ ఒడ్డుకొచ్చింది. తాడు తగిలించారు, ఇంజను వేశారు. పడవ సగం ఇసకలో ఉండగా వెనక్కి తీసే కెరటం దాన్ని పట్టుకుంది. మనుషులు లాగేటప్పుడైతే అలాంటి వేళ తాడు కాస్త వదులుతారు. పడవ ఒక అడుగు వెనక్కి జారుతుంది, మళ్ళీ కెరటం తోసినప్పుడు రెండడుగులు లాగుతారు. మిషనుకి ఆ వదలడం రాదు, దానికి తాడు బోల్టు వేసి బిగించి ఉంది. సముద్రం అటు లాగింది, డ్రమ్ము ఇటు లాగింది. పడవ ముక్కుకున్న కొక్కెం పలకతో సహా ఊడి, తాడుతో పాటు ఈల వేసుకుంటూ వచ్చి దానమ్మ పక్కనున్న గంపని తుక్కుతుక్కు చేసింది. జానెడు ఇటు పడితే దానమ్మ తలే.

పడవ అడ్డం తిరిగింది. అందులో ఇంకా మనుషులున్నారు. ఎవరూ పిలవకుండానే ఆడవాళ్ళు నీళ్ళలోకి పరిగెత్తి వేరే తాడు అందుకున్నారు. జగ్గమ్మ కూడా. నాగబాబుని తిట్టుకుంటూనే, ఆ పాత భుజంతోనే లాగింది. పడవ మెరకకి చేరింది. నాగబాబు వాళ్ళ వంకైనా చూడకుండా నేరుగా ఎల్లాజీ దగ్గరికి పోయి, "నీ మిషను మండ! పడవ ముక్కు పీకేసినాది. బాగు సేస్తావా, పీకి పారేస్తావా?" అని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఎల్లాజీ అదేమీ వింటున్నట్టు లేడు. విరిగిన గంపనే చూస్తున్నాడు.

మిషను కొన్నాళ్ళు ఆగిపోయింది. ఆ కొన్నాళ్ళూ ఆడవాళ్ళు తాడు లాగారు, వాటాలు తెచ్చుకున్నారు. ఎల్లాజీ షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపిస్తున్నంతసేపూ జగ్గమ్మ చెవులు మూసుకోవాలనుకునేది. "మళ్ళీ ఏటి కంటన్నాడో," అనుకునేది.

ఆఖరికి వాడు మిషను తెచ్చి మళ్ళీ గుంజల మీద కూర్చోబెట్టాడు. చుట్టుపక్కల పాలేల నుంచి కూడా పడవలవాళ్ళు చూడ్డానికొచ్చారు. ఇంజను అదే, పొగ అదే. కానీ డ్రమ్ముకి బోల్టు లేదు. పడవ నుంచి వచ్చిన తాడుని ఎల్లాజీ డ్రమ్ముకి మూడు చుట్లు తిప్పి, కొస అవతలికి వదిలేశాడు. తిరిగే డ్రమ్ము మీద ఆ చుట్లు ఊరికే జారుతున్నాయి, పడవ ఉన్నచోటనే ఉంది.

"లాగదేటిరా?" అన్నాడు నాగబాబు.

"కొస ఎవలైనా పట్టుకోవాల," అని ఎల్లాజీ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "అత్తా, రా. గట్టిగా లాగక్కర్నేదు. బిగువుగా పడితే సాలు."

జగ్గమ్మ కదల్లేదు. ఇంకేం రోత చూపిస్తాడో అని మూతి ముడుచుకుని నిలబడింది. దానమ్మ వెళ్ళి కొస పట్టుకుంది, వెనక ఇంకో నలుగురు పట్టుకున్నారు. కొస బిగిసింది. చుట్లు డ్రమ్ముని కరుచుకున్నాయి, పడవ కదిలింది. కెరటం వెనక్కి తీసినప్పుడు వాళ్ళు అలవాటుకొద్దీ చేతులు వదులు చేశారు. చుట్లు జారాయి, తాడు తెగలేదు, కొక్కెం ఊడలేదు. మళ్ళీ బిగించారు, మళ్ళీ లాగింది. పక్క పాలెం పెద్దమనిషి ఒకాయన తల ఊపి, "బాగున్నాది. మా ఒడ్డుకీ ఇలాటిదే ఒకటి సెయ్యి బాబూ," అన్నాడు.

అప్పుడు వెళ్ళింది జగ్గమ్మ. తాడు మీద రెండు వేళ్ళు వేసింది. రెండు వేళ్ళే. ఆ వేళ్ళకి గ్రీజు అంటింది, ముక్కు ముడిచింది. కానీ వదల్లేదు.

పడవ మెరకకొచ్చాక గంప తెచ్చి నాగబాబు కాళ్ళ ముందు పెట్టింది. చెయ్యి చాచలేదు, గంప పెట్టి నిలబడింది.

"ఈలు పట్టుకోపోతే లాగదేటిరా నిజంగా?" అని నాగబాబు ఎల్లాజీని అడిగాడు.

"లాగదు," అన్నాడు ఎల్లాజీ.

నాగబాబు చుట్టూ చూశాడు. పక్క పాలేల వాళ్ళు చూస్తున్నారు, తన పడవలో మనుషులు చూస్తున్నారు. గంగమ్మ సంగతి సరే, నలుగురి ముందు కట్టు తప్పే ధైర్యం అతనికి లేదు. చేపలు తీసి గంపలో వేశాడు. జగ్గమ్మ అందులోంచి నలిగింది ఒకటి ఏరి, తిరిగి పడవలోకి విసిరి, "మంచిది ఎయ్యి," అంది. వేశాడు.

మర్నాడు ఆమె ఎల్లాజీ షెడ్డుకి వెళ్ళింది. మెచ్చుకోడానికి కాదు, గ్రీజు వదలడానికి కిరసనాయిలు అడగడానికి. గోనెపట్టా కింద నున్నగా సానపట్టిన ఇనప పిడి ఒకటి కనిపించింది. ఒక చివర చిన్న చక్రం, ఇంకో చివర పట్టుకోడానికి రబ్బరు తొడుగు. అంత పనితనం ఆ మిషను మొత్తం మీద ఇంకెక్కడా లేదు.

"ఇదేటిరా?"

ఎల్లాజీ గోనెపట్టాని మళ్ళీ దాని మీదకి లాగాడు. "తాడు కొసని నొక్కే పిడత్తా. మనుషులు పట్టక్కర్నేదు. ఒకడు కూసుని దీన్ని నొక్కితే బిగుస్తాది, ఎత్తితే జారుతాది. ముందు ఇదే సేసినాను."

"మరెందుకు ఎయ్యనేదు?"

వాడు రెంచి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె వాడి మొహంలోకి చూసి ఇంకేమీ అడగలేదు. "సీ, స్నానం సెయ్యరా, డీజిలు కంపు కొడతన్నావు. పొద్దు గూకితే ఇంటికి రా, పులుసెడతాను," అని, పిడి తీసి కొంగు కింద పెట్టుకుని వచ్చేసింది.

ఇప్పుడది జగ్గమ్మ వాకిట్లో ఉంది. ఎండబెట్టిన చేపల మీద కప్పిన వల గాలికి ఎగరకుండా బరువుకి పెట్టింది. మొన్నొకసారి నాగబాబు అటుగా పోతూ ఆగి, దాన్ని కాలితో కదిపి చూశాడు.

"ఏటి పిన్నీ ఇది? బాగా సేసినాడెవడో. దేనికి పనికొస్తాది?"

"కాకుల్ని తోలడానికి," అంది జగ్గమ్మ. "కాలు తియ్యి. సేపలకి మైలంటతాది."