వెనక తలుపు తరఫున

కుట్టు మిషన్ల హాల్లో వెనక తలుపుకు అడ్డంగా గుడ్డల మూటలు నడుమెత్తున పేరుకుపోయాయి. మొన్న ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి పొగ లేచినప్పుడు, అరవై మంది ఆడవాళ్లూ ముందు తలుపు దగ్గరే తోసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. మేనేజరుతో మాట్లాడాల్సిందేనని అందరూ తీర్మానించి, ఆ పని కాజాలు కుట్టే ఆమె నెత్తిన పెట్టారు.

"నువ్వైతే నెమ్మదిగా చెప్తావక్కా."

అది నెమ్మది కాదు, భయం. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఆమెకు మాటకంటే ముందు కన్నీళ్లొస్తాయి. గురువారం మీటింగు. సోమవారం నుంచే అన్నం సయించడం లేదు.

మంగళవారం అత్తగారు ఆమె కంచం వంక చూసి విషయమంతా రాబట్టింది. ఆవిడతో వీధిలో ఎవరూ వాదనకు దిగరు. పదకొండేళ్లుగా కోడలూ దిగలేదు.

"నేనే మీ మేనేజర్ని. ఊఁ, చెప్పు," అంది కుర్చీ లాక్కుని.

"తలుపుకు అడ్డం తీయించాలండీ... అందరికీ భయంగా ఉంది..."

"భయమైతే ఇంట్లో కూర్చోండి! మూటలు నా నెత్తిన పెట్టుకోనా?"

కోడలి కళ్లు నిండాయి. అత్తగారు కరగలేదు.

"ఏడుపొస్తే రానీ, మాట ఆపకు. అతని ఇబ్బందేంటో ముందు నువ్వే చెప్పెయ్, ఇక అరవడానికి ఏం మిగలదు. తర్వాత ఒక్కటే అడుగు. పది అడిగావో, సులువైనదానికి జవాబిచ్చి జారుకుంటాడు. అడిగాక నోరు మూసుకో."

"అదొక్కటీ నాకు వచ్చులెండి అత్తయ్యా."

ఆవిడ ఫక్కున నవ్వింది. బుధవారం రాత్రి దాకా ఆ ఉత్తుత్తి మీటింగులో కోడలు ఏడుసార్లు ఓడిపోయింది.

గురువారం మేనేజరు గదిలో ఆమె రాసుకొచ్చిన కాగితం చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఆర్డర్లు పెరిగాయి, గోడౌను నిండిపోయింది. మూటలకు చోటు లేదన్నది నిజమే సార్."

ఏదో అనబోయిన మేనేజరు ఆగిపోయాడు.

"మొన్న ముందు తలుపు దగ్గరే మంట లేచుంటే, మేం ఎటు పోయేవాళ్లం?"

అతను బల్ల మీది ఫైలు తిరగేశాడు. 'ఫర్వాలేదు సార్' అన్న మాట ఆమె నాలుక కొసదాకా వచ్చింది. పంటి కింద పెదవి నొక్కిపట్టింది.

"వచ్చే నెల చూద్దాంలే."

ఈ జవాబు ఇంట్లో అత్తగారి నోట రాలేదు. కన్నీళ్లు రానే వచ్చాయి. తుడుచుకోకుండానే అడిగింది: "ఎటు పోయేవాళ్లం సార్?"

మేనేజరు చూపు తిప్పుకుని సూపర్‌వైజరును పిలిచాడు. "ఆ మూటలు మెట్ల కింద పెట్టించు."

"మెట్ల కింద వద్దు సార్. పైఅంతస్తు వాళ్లకి దారి అదొక్కటే."

"మరెక్కడ పెట్టమంటావ్?"

"మీ గది పెద్దదే కదా సార్." అన్నాక నాలుక కరుచుకుంది. సూపర్‌వైజరు నవ్వాపుకోలేక దగ్గాడు.

మధ్యాహ్నానికల్లా సగం మూటలు మేనేజరు గదికి పక్కగదిలోకి చేరాయి. మిగతావి రేపన్నారు. తుప్పు పట్టిన గడియను సుత్తితో కొట్టి తలుపు తీశారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి గుమ్మంలో గాలికి నిలబడి వచ్చారు. ఆమె మాత్రం మిషను ముందే కూర్చుంది. మిగతా మూటల సంగతి అడిగితే రేపు మేనేజరు ఏమంటాడో, తను ఏం చెప్పాలో, ఆ సాధన అప్పుడే మొదలైంది ఆమె మనసులో.