చుట్టూ మెరిసిందా?

కోడలు స్నానాలగదిలో నేలమీది నీళ్లను పాత తువ్వాలుతో అద్ది బకెట్లోకి పిండుతోంది. గోడవారగా పోయే రాగి పైపు చీలి రెండు రోజులయింది. బయటి మనిషిని పిలుద్దామన్న మాట ఆ ఇంట్లో ఎత్తకూడదు. మామగారు నలభై ఏళ్లు పైపుల పనే చేశాడు మరి. ఇప్పుడాయన రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. ఆపరేషన్ మాటెత్తితే అంతెత్తున లేస్తాడు.

"నీళ్లు కట్టేశావా అమ్మాయ్?"

"కట్టేశాను మామయ్యా. కింది కుళాయి తెరిచే ఉంచాను."

"బతికించావు. లోపల చుక్క మిగిలినా అతుకుపెట్టే టంకం కరగదు."

చీలిన ముక్క కోసి, కొత్త ముక్క చివర్లు గరుకు కాగితంతో రుద్ది, టంకం పట్టేందుకు ఫ్లక్స్ పూసి జోడించాడు. ఆ చేతులకు కళ్లతో పనిలేదు. పైపు వెనకున్న చెక్క పలకకు మంట తగలకుండా తడి గోనెగుడ్డ వేలాడదీసి, గ్యాస్ టార్చ్ వెలిగించాడు.

గుడ్డ జానెడు పక్కకుంది. మంట చెక్కను నాకుతోంది.

కోడలు "ఆపండి మామయ్యా!" అంటూ తడి తువ్వాలు పలకకు అదిమింది.

ఆయన టార్చ్ ఆర్పేశాడు. "మాడిందా?"

"అబ్బే, కాస్త వెచ్చబడిందంతే."

"ఏమిటా కమురు వాసన?" వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "ఇల్లు తగలబెడుతూ నీళ్లు కూడా కట్టేసుకున్నారు, భలే తెలివి!"

"బకెట్ నిండా ఉన్నాయిలేవే!" అన్నాడే గానీ గొంతులో ఎప్పటి జోరు లేదు. టార్చ్ కోడలి చేతిలో పెట్టాడు. "గుడ్డ సరిగ్గా కట్టుకో. మంట అతుక్కి చూపించు, టంకం తీగకి కాదు. రాగి వేడెక్కిందంటే టంకాన్ని అదే తాగేస్తుంది."

నిజంగానే తాగేసింది. కోడలు మంట ఆర్పింది.

"చుట్టూ మెరిసిందా?" నలభై ఏళ్లలో ఆ మాట ఆయన ఇంకొకరిని అడిగి ఎరగడు.

ఆమె చిన్న అద్దం పట్టి అతుకు వెనకవైపు కూడా టంకం మెరుపు చూసింది. "మెరిసింది మామయ్యా."

రెండో అతుకూ ఆమే పెట్టింది. చల్లారాక నీళ్లు వదిలారు. చుక్క కారలేదు. అయినా నిప్పు దాగి ఉంటుందేమోనని, ఇద్దరూ అరగంట అక్కడే కూర్చున్నారు. ఆయన పలకను తడిమి చూశాడు.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎంత మాడింది?"

ఇందాక అబద్ధమాడిన నోటికి ఈసారి అబద్ధం రాలేదు. "అరచేయంత. గుడ్డ జానెడు పక్కకు కట్టారు."

ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, లేచి వెళ్లి చొక్కా మార్చుకున్నాడు.

"ఎక్కడికీ సవారీ?" అంది అత్తగారు.

ఆయన గుమ్మం దిగి, రోజూ వెళ్లే టీకొట్టు వైపు కాకుండా, కంటి ఆస్పత్రి ఉన్న వీధిలోకి తిరిగాడు.