కారిడార్ దాటే పిల్ల

…ఇరవై ఒకటే. పోయిన నెలా ఇరవై ఒకటే. నేల మీద టైల్స్ నెలనెలా పెరగవు కదా, అయినా ఆ చివరి బెంచీ నుంచి ఈ చివరి బెంచీ దాకా భరద్వాజ్ మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆ చివర అనసూయ కూర్చుని ఉంది. ఇద్దరూ విడిగా ఉండబట్టి పద్నాలుగు నెలలు. కాగితాల ప్రకారం ఆమె ఇంకా అతని భార్యే. ఆమె ముఖం చూడనక్కర్లేకుండా ఆమె చెప్పుల దగ్గర లెక్క మొదలుపెట్టడం అతనికి అలవాటైంది. ఆ ఇరవై ఒక్క టైల్సూ ఇప్పుడు వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు చాందిని ఒక్కతే నడిచి రావాలి.

అది ప్రీతి మేడం పెట్టిన పద్ధతి. ఫ్యామిలీ కోర్టులో పిల్లల గది చూసుకునే కౌన్సెలర్ ఆవిడ. ప్రస్తుతానికి పిల్ల తల్లి దగ్గర ఉంటుంది. తండ్రి నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు, ఈ గదిలో చూసుకోవచ్చు. అయితే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పిల్లని ఇవ్వడానికి లేదు. "ఇక్కడ చెయ్యి మారేటప్పుడే లాక్కోవడం మొదలవుతుంది," అని మొదటిరోజే హిందీలో చెప్పింది. "తనే నడిచి వస్తుంది. మీరు లేవకూడదు."

అతను లేవలేదు. చాందిని లేచింది. ఎర్ర స్వెట్టరు, ఒక పక్కకు జారిన క్లిప్పు. పదకొండో టైలుకు మధ్యలో పగులుంది. అక్కడిదాకా వచ్చే పిల్ల అనసూయ కూతురు. పెదవులు బిగించి, కళ్ళు దించుకుని, అచ్చం తల్లిలాగే. పగులు దాటాక నడక మారుతుంది. భుజాలు అతని భుజాల్లా కాస్త వంగుతాయి, ముఖంలోకి అతని నవ్వు వస్తుంది. ఎవరూ నేర్పలేదు. ప్రతిసారీ ఇదే. గురుగ్రామ్ ఆఫీసులో మూడు దేశాలవాళ్ళతో మీటింగులు నడిపే మనిషి, ఆ పగులుకు అవతల ఒక్కసారీ కాలు పెట్టలేదు.

గది గుమ్మం దగ్గర ఫోన్లు వేయడానికి ఒక ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది. ఎప్పటిలాగే అతను పాత ఫోను తీసి అందులో వేశాడు. కొత్తది జాకెట్ ఛాతీ జేబులో, జిప్పు సగం తెరిచి, రికార్డవుతూ ఉంది. లాయరు నవదీప్ చెప్పిన ఉపాయం. "భరద్వాజ్ జీ, ఒక్క వాక్యం చాలు. బస్, బచ్చీ నోటి నుంచి రావాలి. మంగళవారం జడ్జిగారు తీసుకునే నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది." కేసు పూర్తయ్యేదాకా చాందిని ఎవరింట్లో పెరగాలో మంగళవారం తేలుతుంది. కేసంటే ఎన్నేళ్ళో ఎవరికీ తెలియదు. ఏడాదికి యాభై రెండు చొప్పున శనివారాలు. వాటిల్లో ఎన్ని తనవి?

లోపల క్యారమ్ బోర్డు, మెడకు టేపు చుట్టిన ప్లాస్టిక్ జిరాఫీ, ఆరిపోయిన హీటరు. స్ట్రైకర్ ఎప్పుడో పోయింది. పెద్ద బొత్తాంతో ఆడుకుంటారు.

"పొద్దున ఏం తిన్నావు తల్లీ?"

"పరాఠా."

"ఎన్ని?"

"దో. ఔర్ ఆధా. ఆ సగం మమ్మీ జబర్దస్తీ పెట్టింది."

"నీ ఫౌల్ ఇది. బోర్డు మీద మోచెయ్యి పెట్టావు."

"ఆప్ నే భీ రఖా థా! మీరూ పెట్టారు, నేను చూశాను. చీటింగ్!"

అతను నవ్వాడు. చాందిని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది. తల ఛాతీకి దగ్గరగా తెచ్చింది. బళ్ళో పద్యం అప్పజెప్పే గొంతుతో, ఒక్కో మాట విడదీస్తూ, తప్పుల్లేని హిందీలో చెప్పింది. మమ్మీ రాత్రిపూట అన్నం పెట్టదని. తనని గదిలో పెట్టి తాళం వేసి వెళ్ళిపోతుందని. తను పాపా దగ్గరే ఉంటానని.

వాక్యం వచ్చేసింది. ఒకటి కాదు, మూడు. అతని ఛాతీలో వెచ్చగా ఏదో పొంగింది. వెంటనే అది అబద్ధమని కూడా తెలిసింది. కంచం పట్టుకుని బాల్కనీ నుంచి బాత్రూం దాకా ఈ పిల్ల వెనకే తిరిగిన అనసూయ, పిల్ల తినలేదని తనూ తినకుండా పడుకున్న అనసూయ, అన్నం పెట్టకపోవడమా? అబద్ధమని తెలిసినా ఆ వెచ్చదనం పోలేదు. ఇంకొంతసేపు అలాగే ఉంది. ఇంకెవరి శరీరంలోనో జరుగుతున్నట్టు దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

చాందిని తలెత్తింది. "ఆ గయా? రికార్డింగ్ వచ్చిందా? లేదంటే ఫిర్ సే చెప్తా."

"ఏం రికార్డింగమ్మా?"

ఆ పిల్ల పెద్దగా నవ్వి జిప్పు మీద వేలితో రెండుసార్లు కొట్టింది. "పాపా! ఆప్ కా ఇక్కడ ఉంటుంది. మమ్మీది పర్సులో. చిన్న జేబులో."

అతను జిప్పును అరచేత్తో కప్పాడు. "మమ్మీకి ఏం చెప్పావు?"

"ఆప్ చిల్లాతే హో, అరుస్తారు అని. ఔర్ మారతే హో."

అతను ఆ పిల్ల మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. "నేను కొట్టానా తల్లీ?"

"నహీఁ తో." ఆ పిల్ల బొత్తాన్ని గీత మీద సరిగ్గా పెట్టుకుంది. "మమ్మీకి అది చాహియే థా, మీకు ఇది కావాలి. ఒక్కళ్ళకే చెప్తే ఇంకొకళ్ళు ఫెయిల్ హో జాయేంగే నా?"

బొత్తాం విసిరింది. నల్ల కాయిను ఒకటి గుంటలో పడింది. "యెస్!" అని గంతేసింది.

ఇద్దరు లాయర్లు, ఇన్ని వాయిదాలు, ఇంత లావు ఫైలు. వీటన్నిటికీ చేతకానిది ఒకటి ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా చేస్తోంది. ఇద్దరినీ పాస్ చేయిస్తోంది. అందుకు కావలసిన అబద్ధాలన్నీ తనే మోస్తోంది. ఆ నుదురు తన అరచెయ్యంత కూడా లేదు. దాని వెనక ఎంత చోటుంది! రాత్రి మబ్బు విడిపోయి ఒక్కసారిగా నక్షత్రాలు కనిపిస్తే తల తిరుగుతుందే, అలా తిరిగింది. తనూ అనసూయా కలిసి చేసింది ఇంత పెద్దదా అనిపించింది. తామిద్దరూ ఇంత చిన్నవాళ్ళా అని కూడా.

"ఒక్క నిమిషం తల్లీ."

కారిడార్‌లోకి వచ్చి ఫోను తీశాడు. చేతిలోనే మోగింది. నవదీప్. "మిలా కుచ్? ఏమైనా దొరికిందా?"

"లేదండీ."

"అరే యార్, ఇంకా గంట టైముంది, ట్రై కీజియే. వాళ్ళ దగ్గర తప్పకుండా ఏదో ఉండే ఉంటుంది."

"ఉంది," అన్నాడు భరద్వాజ్. ఫోను పెట్టేశాడు.

ఆ చివర అనసూయ పర్సు రెండు చేతులతో పట్టుకుని గోడకేసి చూస్తోంది. మంగళవారం జడ్జిగారి ముందుకు ఒక్క రికార్డింగే వస్తుంది, ఆమెది. అందులో తను పిల్లని కొట్టే తండ్రి. అది తెలిసే, ఇవాళ్టి రికార్డింగు తీసేశాడు. వెనకటి పన్నెండూ తీసేశాడు. ఒక్కోదానికీ ఫోను, నిజంగానే తీసెయ్యాలా అని అడుగుతూనే ఉంది. తర్వాత ఫోనును బుట్టలో పాతదాని పక్కన పెట్టాడు.

ప్రీతి మేడం రిజిస్టరులోంచి తలెత్తలేదు. "ఈ బుట్టలో పాత ఫోన్లే పడతాయి భాయ్ సాబ్," అంది హిందీలో. "ఇన్నేళ్ళలో కొత్తది పడటం ఇదే చూస్తున్నా."

లోపల చాందిని కాయిన్లన్నీ మళ్ళీ మధ్యలో పేర్చి, ఎర్రదాన్ని వాటి నడుమ నిలబెట్టే ప్రయత్నంలో ఉంది. అతన్ని చూడగానే పిల్ల కళ్ళు ముందుగా జిప్పు మీదికే వెళ్ళాయి. గొంతు సవరించుకుంది.

భరద్వాజ్ ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జిప్పు పూర్తిగా లాగి, జేబులో రెండు వేళ్ళు పెట్టి, లోపలి బూడిదరంగు గుడ్డను బయటికి తిరగేశాడు.