స్తమాత పెరటి కుండ

పొద్దున్నే షెడ్డు తలుపు తీయడం, ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్ళు పట్టడం, అరిగిపోయిన టూత్ బ్రష్షులు పుచ్చుకుని కుండపెంకులు తోమడానికి కూర్చోవడం. ఎండాకాలం వచ్చిందంటే, ఏథెన్స్‌కి అవతల కొండల్లో ఉన్న మా ఊరి ఆడవాళ్ళ పని ఇదే. మగవాళ్ళు కొండ కింద పాతకాలపు వస్తువుల కోసం తవ్వుతారు, ఆడవాళ్ళు తవ్వినదాన్ని కడుగుతారు. ఇంట్లో ఎలాగో ఇక్కడా అలాగే.

తోమిన పెంకుల్ని ఎండలో ఆరబెట్టి, అంచులు కలిసినవాటిని జిగురుతో అతికిస్తారు. కుండ పూర్తయి జిగురు ఆరిందంటే, చివరిసారి దాన్లో ఏముండేదో అది మళ్ళీ దాన్లోకి వస్తుంది. ఒక్కసారే వస్తుంది. తినేదైతే తింటారు, కాకపోతే పిల్లులకి ఒంపేస్తారు. రోమన్ల కుండల్లో ఎక్కువగా పప్పు, లేదంటే కుళ్ళబెట్టిన చేపల నీళ్ళు. అంత పెద్ద సామ్రాజ్యం ఏలినవాళ్ళు ఆ కంపుని లొట్టలేసుకుంటూ ఎలా తిన్నారో వాళ్ళకే తెలియాలి. తర్వాత గుర్రాల మీద వచ్చిన పడమటి దొరల కుండల్లో మేకమాంసం, ఉప్పు తప్ప ఇంకేం ఉండదు. ఒకసారి మా ఊరి ఫోతిని వైను కూజా మెడ తీసుకెళ్ళి నూనె జాడీకి అతికించింది. అందులోకి వచ్చినదాన్ని పోటీపడి తాగిన మగవాళ్ళు మర్నాడు ఒక్కరూ పనిలోకి రాలేదు.

ఫోతిని, ఆమె వదిన స్తమాత ఎప్పుడూ ఒకే టబ్బు దగ్గర కూర్చునేవాళ్ళు. ఆ వేసవి మాత్రం స్తమాత పెంకుల్ని పళ్ళు కొరుకుతూ తోమేది. ఆమె ఇంటి కింద రోమన్ల స్నానశాల ఉందని తేలింది. ఇల్లు పడగొట్టడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బదులుగా థీవా పట్నంలో మూడో అంతస్తులో ఒక ఫ్లాటు ఇస్తుందట.

తవ్వకాలకి పెద్ద అయిన ఊరనియా ఏథెన్స్ నుంచి వచ్చిన మనిషి. ఎండకి కమిలిపోయి, చేతిలో సిగరెట్టుతో, తియ్యని మాట ఒక్కటీ రాని మనిషి. అబద్ధమూ రాదు, అదొక్కటే నయం.

"కింద రంగురాళ్ళు పరిచిన నేల ఉంది స్తమాతా. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటిది."

"ఉండనీండి. ఇన్నాళ్ళూ నా మంచం కింద బాగానే ఉందిగా."

"మీ ఇల్లు మహా అయితే మూడు వందల ఏళ్ళది."

"మూడొందల ఏళ్ళ ముసలిదాన్ని వీధిలోకి గెంటేస్తారా అమ్మగారూ? మీ ఏథెన్స్‌లో అదేనా మర్యాద?"

ఊరనియా పొగ వదిలింది. స్తమాత గొడవంతా గోడల గురించి కాదని ఆవిడకీ తెలుసు. స్తమాత మొగుడు స్తెర్యోస్ ఏళ్ళ కిందట సరుకుల ఓడలో పనికి వెళ్ళాడు. ఆ ఓడ ఏ రేవుకీ చేరలేదు. శవం రాలేదు, కబురూ రాలేదు. ఊళ్ళో జుట్టు నెరసిన ఆడవాళ్ళందరిలో మొగుడి రాక కోసం తలుపు గడియ వెయ్యకుండా పడుకునేది స్తమాత ఒక్కతే. అతనొస్తే ఏ తలుపు తట్టాలి? పట్నంలో మూడో అంతస్తుదా?

పడగొట్టే ముందు ఆమె పెరట్లో చిన్న గుంట తవ్వి చూశారు. పైపైన తగిలినవన్నీ తురుష్కుల కాలపు పెంకులు. నలుపు, మొరటు, మసి. అలాంటివాటిని మట్టిదిబ్బ మీద పారెయ్యడం అక్కడి రివాజు. చక్రవర్తి తొక్కిన రాయికి దూదిలో పడక, పేదింటి ఆడది వండిన కుండకి దిబ్బ. చదువుకున్నవాళ్ళు దీనికి చాలా పెద్ద పేర్లు పెట్టుకున్నారు.

స్తమాత ఆ పెంకుల్ని ఏరి ఏప్రాన్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ప్రేమతో కాదు, ఒళ్ళుమంటతో. వంటింటి బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే అతికించింది. జిగురు ఆరిన మధ్యాహ్నం కుండ నిండింది. వేడివేడి గోధుమలు. పైన దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష, దాల్చిన చెక్క వాసన. పోయినవాళ్ళ పేరున వండేవి. గుడిలో దీవించాక తలా ఒక చెంచా నోట్లో వేసుకుని, పోయినవాళ్ళ పేరు చెప్పి, "దేవుడు మన్నించాలి" అనాలి.

ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి తిన్నారు. ఎవరి కోసం వండారో తెలియదు కాబట్టి, "ఎవరైతే వాళ్ళని దేవుడు మన్నించాలి" అన్నారు. అయిపోయిందనుకున్నారు.

మర్నాడు పొద్దున కుండ మళ్ళీ నిండింది. ఆ మర్నాడూ అంతే.

ఫాదర్ నెక్తారియోస్ వచ్చి చెంచాతో కలిపి చూశాడు. "ఎవరో వండింది. గుడికి తీసుకొచ్చేలోపు దొంగలు పడ్డారో, జ్వరాలొచ్చాయో. దీవెన పడలేదు. పోయినవాళ్ళ పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పేదాకా వస్తూనే ఉంటుంది."

"ఆ పేరు నేనెక్కణ్ణుంచి తేను ఫాదర్?"

"ఆ పేరే అక్కర్లేదమ్మా. పోయినవాళ్ళు మనలాగా పేర్ల దగ్గర పోట్లాడుకోరు. ఇంతవరకూ ఎవరూ గోధుమలు వండని పేరు ఒకటి చెబితే చాలు."

వంటింట్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే నేల చూశారు. ఊళ్ళో పోయిన ప్రతివాళ్ళకీ ఎప్పుడో వండేశారు. మిగిలిపోయింది ఎవరో అందరికీ తెలుసు. అనే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

ఈలోగా బుల్‌డోజర్ వచ్చింది. నడిపే సోతిరిస్ పక్క ఊరివాడు. గుమ్మం ముందు ఇంజను ఆపాడు. వాసన తగలగానే టోపీ తీశాడు.

"ఎవరు పోయారు అత్తా?"

"తెలీదు. మూడొందల ఏళ్ళ కిందటి మనిషి."

"నలభయ్యో రోజు ఎప్పుడు?"

"గోధుమలు ఇంకా వస్తున్నాయిగా. ఎప్పుడని చెప్పను?"

నలభై రోజులు నిండేదాకా చావు జరిగిన ఇంట్లో మేకు కూడా కొట్టరు. సోతిరిస్ ఒక చెంచా తిన్నాడు, దణ్ణం పెట్టుకున్నాడు, బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. ఊరనియా విని మొదట తిట్టింది. తర్వాత వచ్చి కుండ ముందు కూర్చుని, గోధుమలు తిని, లేచి వెళ్ళింది. వేరే డ్రైవర్ని పిలిపిస్తే వాడూ ఇక్కడివాడే అవుతాడు.

"గెలిచావే వదినా!" అని ఫోతిని చప్పట్లు కొట్టింది. "ప్రధానమంత్రి వచ్చినా ఒక చెంచా పెట్టి పంపెయ్. ఈ కుండ ఉన్నంతకాలం నీ ఇంటి మీద ఈగ వాలదు."

నిజంగానే వాలలేదు. వేసవి సగం అయింది. స్తమాత పొద్దున్నే లేచి కుండ చూసేది. పైన ఆవిరి, దానిమ్మ గింజల మీద చెమ్మ. వండిన ఆవిడ ఇప్పుడే పొయ్యి దించి, తలగుడ్డ కట్టుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళినట్టు. మొదట్లో స్తమాతకి అది బలంగా ఉండేది. రానురాను ఆ ఆవిరి వంక చూడలేకపోయేది. ఎదురుచూడటం అంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏ చప్పుడైనా తలుపు వైపు తిరగడం, ఇద్దరికి సరిపడా రొట్టె కొని, మిగిలింది కోళ్ళకి వెయ్యడం. ఇక్కడ ఒక ఆడది గుడికి పోలేక, కూర్చోలేక, మూడొందల ఏళ్ళుగా పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. తన గోడలు నిలబడటానికి ఆవిణ్ణి ఇంకా నిలబెట్టి ఉంచుతోంది తను.

ఆదివారం ఫోతినిని పిలిచింది. "కుండ పట్టుకో. గుడికి పోదాం."

"ఎందుకు?"

స్తమాత గడియ వెయ్యని తలుపు వైపు చూసింది. ఫోతినికి అర్థమై కుండ వదిలేసింది. స్తమాత పగలనివ్వలేదు, అందుకుంది.

"వద్దు వదినా. వాడు నా అన్న. నువ్వా మాట అంటే నిజమైపోతుంది."

"ఎప్పుడో నిజమైంది ఫోతినీ. నువ్వూ నేనూ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు, అంతే."

"ఇల్లు పోతుందే!"

"పోనీ."

ఫాదర్ దీవించాడు. స్తమాత ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది. తర్వాత అంది, "స్తెర్యోస్‌ని దేవుడు మన్నించాలి." ఫోతిని ఏడుస్తూ ఆ మాటే అంది. ఊరంతా అంది.

మర్నాడు కుండ ఖాళీగా ఉంది. అడుగున పాత మసి, అంతే.

మధ్యాహ్నానికి ఫోతిని సంచి నిండా గోధుమలతో వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఉడకబెట్టి పోసేద్దాం. రోజూ నేనే వండి తెస్తా. ఎవడికి తెలుస్తుంది? సోతిరిస్‌గాడు గోధుమకీ గోధుమకీ తేడా కనుక్కుంటాడా?"

"పిచ్చిదానా." స్తమాత ఆమె తల నిమిరింది. "ఇల్లు నిలబెట్టుకోవడానికి మీ అన్నకి రోజూ తద్దినం పెట్టమంటావా? ఒక్కసారి పెట్టడానికే నా ప్రాణం పోయింది."

సంచి అక్కడే వదిలి ఇద్దరూ షెడ్డుకి వెళ్ళారు. ఊరనియా బల్ల దగ్గర ఉంది.

"ఇంట్లో చావు కార్యం అయిపోయింది అమ్మగారూ. ఇక పడగొట్టుకోవచ్చు. కానీ బుల్‌డోజర్ వస్తే దాని కింద పడుకుంటా, ముందే చెప్తున్నా. చేత్తో విప్పండి. మీ రోమన్ల ఇంటిని ఎలా విప్పుతారో అలాగే, బ్రష్షుతో, బొమ్మ గీసి, ఫోటో తీసి. నా పెంకుల కప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టండి. ఒక్క పెంకు దిబ్బ మీద కనపడినా మీకూ నాకూ యుద్ధమే."

"రంగురాళ్ళ నేల చేరేసరికి మూడు నాలుగు వేసవులు పడుతుంది. పైవాళ్ళు నన్ను చంపేస్తారు."

"చంపనీండి. మీ పేరున గోధుమలు నేను వండుతా."

ఊరనియా నవ్వింది. ఆవిడ నవ్వడం షెడ్డులో ఎవరూ చూసి ఉండరు. సిగరెట్టు ఆర్పి, "పెంకుల కప్పు ఎవరు తీస్తారు?" అంది.

"నేనే. ఏ పెంకు ఎక్కడ కారుతుందో నాకంటే ఎవరికి తెలుసు?"

మొగుడు ఏమయ్యాడో తెలియని ఆడవాళ్ళు మా ఊళ్ళో విధవలు కట్టే నల్లబట్టలు కట్టరు. తర్వాతి సోమవారం స్తమాత నల్లగౌను, నల్ల తలగుడ్డతో నిచ్చెన ఎక్కింది. ఎండ మాడ్చేస్తోంది. ఒక్కొక్క పెంకూ ఊడదీసి ఫోతినికి అందించింది. ఫోతిని ఫోటోవాడికి అందించింది. మధ్యాహ్నానికి కప్పులో మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. వెలుగు నేరుగా వంటింట్లోకి, పొయ్యి రాళ్ళ మీదకి దిగింది.

"తలుపు అడ్డంగా ఉంది, తీసెయ్యమంటారా అత్తా?" కింద నుంచి ఎవరో అరిచారు.

స్తమాత నిచ్చెన మీంచి ఆ తలుపు వైపు చూసింది.

"తీసెయ్యండి," అంది. "జాగ్రత్త, గడియ వేసి లేదు."