అన్నం కలుపుకునేంత చాలండి

రాజోలులో మందుల షాపు మేడ మీద శారోన్ క్లినిక్. ఆమె బెంగళూరులో ఆస్టియోపతి, అంటే మందుల్లేకుండా చేతుల్తోనే ఒళ్లు సరిచేసే వైద్యం, నేర్చుకుని వచ్చింది. ఆ పేరు నోరు తిరగక జనం "చేత్తో నొక్కే డాక్టరమ్మ" అనేస్తారు.

వీరవెంకటరమణ కొబ్బరికాయలు ఒలిపించే మేస్త్రీ. బండి మీంచి పడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గాని కుడిచెయ్యి ఛాతీ దాటి లేవడం లేదు. భార్య దుర్గ వెంటబెట్టుకుని వచ్చింది.

"ఎముక బానే ఉందండీ. కండని చుట్టుకుని పల్చటి పొరలుంటాయి. పూతరేకు మడతల్లా ఒకదాని మీద ఒకటి జారాలి. కట్టులో కదలక అతుక్కుపోయేయి," అంది శారోన్.

భుజం మీద వేళ్లు ఆనించి, బలం పెట్టకుండా, ఆ బిగువు తనంతట తాను వదిలేదాకా ఓపిగ్గా కాచుకునేది. నిజానికి అక్కడ సాగేది పొరేనో, నరాలు నెమ్మదించి పట్టు వదులుతాయో చదువుకున్నవాళ్లు ఇప్పటికీ తేల్చలేదు. వాళ్ల తగువు వాళ్లది. రమణ చెయ్యి మాత్రం వారం వారం పైకొస్తోంది. శారోన్‌కి గర్వంగానే ఉంది. ఎందుకుండదు?

ఒకరోజు భర్త కిందికి దిగాక దుర్గ మెట్ల దగ్గర ఆగింది.

"ఇంక చాలేమోనండీ. అన్నం కలుపుకుని తినేంత లేస్తే చాలండి. మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముందండీ! పూర్తిగా లేపే పంపిస్తాను."

"ఆయ్," అంది దుర్గ, నేల చూస్తూ.

గోదారి మర్యాద తెలిసిందేగా. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా "పర్లేదండీ, తినే వచ్చేం" అనే జనం. ఇదీ అలాంటి మొహమాటమే అనుకుని శారోన్ పప్పులో కాలేసింది.

మరుసటి వారానికి చెయ్యి పూర్తిగా లేచింది. రమణ బల్ల మీంచి దిగి మురిసిపోతూ, "చూసేవేటే!" అని తల మీదికి ఎత్తాడు. పక్కనున్న దుర్గ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడకి నక్కిపోయింది.

"పిచ్చిదండీ ఇది," అని రమణ నవ్వేశాడు.

శారోన్‌కి మెట్ల దగ్గరి మాట అప్పుడర్థమైంది. ఆ భుజం బిగుసుకున్న నెలల్లోనే ఈ ఇల్లాలు కంటి నిండా నిద్రపోయింది. ఆ నిద్ర కాస్తా తన చేతులే చెడగొట్టాయి. ఆమె తేరుకునేలోపే ఇద్దరూ దిగి వెళ్లిపోయారు.

సోమవారం దుర్గ ఒక్కతే వచ్చింది. చంకలో కొబ్బరికాయల సంచి. ఎడమ చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది.

"ఆయన పంపేరండీ. చెయ్యి బా పనిచేస్తందని మీకు చెప్పమన్నారండీ."

శారోన్‌కి కళ్లనీళ్లు ఆగలేదు. "లోపలికి రా అక్కా. ఇక్కడే ఉండు."

"పర్లేదండీ," అని దుర్గ సంచి దించి వెనక్కి తిరిగింది.

ఈసారి శారోన్ ఆ మాట నమ్మలేదు. వెళ్లి మెట్లకి అడ్డంగా నిలబడింది.