వాలు మీది మట్టి

యూనివర్సిటీ క్యాంపస్‌లో లాలాపేట్ వైపు దిగే వాలు మీద చిన్న అడవి ఉండేది. అమల అక్కడి మట్టి మీదే పరిశోధన చేసేది. ఏళ్ల తరబడి కుళ్లిన ఆకులు, వేళ్లు, వానపాముల బొరియలు ఆ నేలను గుల్లగా ఉంచాయి. ఎంత వాన కురిసినా ఆ మట్టి తాగేసి, నెమ్మదిగా కిందికి వదిలేది.

ఎండాకాలంలో కొత్త భవనం కోసం చెట్లు కొట్టేసి ఆ వాలును జేసీబీలతో చదును చేయసాగారు. అమల వెళ్లి అడ్డుచెప్పింది.

"మొక్కలు ఇంకో దగ్గర పెడతం మేడం," అన్నాడు ఇంజినీరు నరహరి.

"మొక్కలు పెడతరు సార్. గసొంటి మట్టిని ఎక్కడికెల్లి తెస్తరు? కింద ఇండ్లున్నయి."

ఆయన నేలను గట్టిగా అణగదొక్కుతున్న రోలర్ వైపు నడిచాడు.

ఆ కింది ఇళ్లలోనే ఒకదాంట్లో, పైగదిలో అమల అద్దెకుండేది. కింది వాటాలో రాహేలు, ఆమె భర్త దానయ్య ఉండేవారు. లారీ ప్రమాదంలో దానయ్యకు నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. రాహేలు తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్‌లో పనిచేసేది.

జూలైలో ఒక మధ్యాహ్నం కుండపోత మొదలైంది. చదును చేసిన వాలు మీద చుక్క ఇంకకుండా, ఎర్రటి నీళ్లు ఒకే ఉరుకున లాలాపేట్ వైపు పోవడం అమల డిపార్ట్‌మెంట్ వరండాలోంచి చూసింది. రాహేలుకు ఫోన్ చేసి ఇంటికి రమ్మని చెప్పింది. పరుగెడుతూనే దానయ్యకు చేసింది.

"దానయ్యన్నా, ఇంట్లకు నీళ్లొచ్చినయా?"

"మంచం అంచుకొచ్చినయి బిడ్డా. రాహేలుకు చెప్పకు. ఉరికొస్తది, యాడనన్న జారిపడ్తది."

"పక్కోళ్లను పిలువన్నా, గట్టిగ అరువు!"

"అరుస్తనే ఉన్న. గీ వానల ఎవలకు ఇనొస్తలేదు."

ఆ తర్వాత మాట రాలేదు.

ఇద్దరు ఆడవాళ్లూ సందు మొదట్లో కలిశారు. నీళ్లకు బిగుసుకుపోయిన తలుపును పక్కింటివాళ్లు విరగ్గొట్టేసరికి మంచం బోర్లాపడి ఉంది. దానయ్య దాని కింద ఉన్నాడు.

మూడోనాడు నరహరి పరామర్శకు వచ్చాడు. "ఎవరూ అనుకోని వానమ్మా," అన్నాడు.

రాహేలు అమల వైపు తిరిగింది. "నిజమేనా?"

"కాదక్కా. పోయినేడు ఇంతకన్న పెద్దవాన పడ్డది. మన గడప సుత తడవలే. అప్పుడు అడవి ఉండె."

నరహరి లేవబోయాడు.

"కూసో సారూ," అంది రాహేలు. "నా మొగడు ఎట్ల సచ్చిండో ఇని పో."

ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. మర్నాడు వాలు మీద రోలర్ మళ్లీ తిరిగింది.

రాహేలు మల్కాజ్‌గిరిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఇంటి ఓనరు గోడల మరకలకు సున్నం కొట్టించాడు. చంటిపిల్లతో ఆ వాటా చూడవచ్చిన జంట నీళ్లొస్తాయా అని అడిగితే, ఆయన నోరు తెరిచేలోపే "వస్తయి," అంది అమల.

ఆ సాయంత్రం ఆయన అమలను గది ఖాళీ చేయమన్నాడు.